ఉత్త రాజు

మా నాయన నా ఆట చూసి ఒక్కసారైనా “బాగా ఆడినావు” అన్న పాపాన పోలేదు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నేను మొదటిసారి విన్నది జైల్లో. అదీ నాతో అన్నది కాదు, మనిషిని చంపి యావజ్జీవ శిక్ష పడిన ఒక ఖైదీతో.

నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు తలచుకున్నా మండుతుంది. నేను బడిలో పిల్లలకు చదరంగం నేర్పి బతుకుతున్నదాన్ని. మా ఇంట్లో అద్దాల బీరువా నిండా నేను గెలిచిన కప్పులున్నాయి. నాయన రోజూ వాటి ముందు నుంచే స్నానానికి పోతాడు, వాటి ముందు నుంచే తిరిగి వస్తాడు. కళ్లు బాగున్న రోజుల్లో కూడా ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూసింది లేదు. చిన్నప్పుడు పావులు ఎలా నడుస్తాయో నేర్పింది ఆయనే. నేను ఎనిమిదో తరగతిలో మొదటి కప్పు తెచ్చిన సాయంత్రం నాతో ఒక ఆట ఆడి, ఓడిపోయి, పావులు సంచిలో వేసుకుని, “నీ ఆట వేరు, నా ఆట వేరు పాపా. ఇంగ నాతో ఆడొద్దు” అన్నాడు. అంతే. మళ్లీ ఆ సంచి విప్పలేదు. కూతురి చేతిలో ఓడిపోవడం ఆయనకు నచ్చలేదని అనుకున్నాను. మళ్లీ ఆడమని నేనూ అడగలేదు. మాది మగ్గం నేసిన వంశం, పోగు తెగితే ముడేస్తాం గానీ మాట తెగితే ముడేయడం చేతకాదు.

ఆ ఖైదీ దగ్గరికి నాయనను తీసుకుపోయింది నేనే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

మా ఊరు దాటి, చీనీ తోటలు దాటి, ఎర్రమట్టి చేల మధ్యకు పోతే జైలు వస్తుంది. ఖైదీలకు వారానికోసారి చదరంగం నేర్పించాలని అక్కడి పెద్దసారు మా బడికి కబురు చేస్తే నేను ఒప్పుకున్నాను. శనివారం మధ్యాహ్నం స్కూటరు మీద పోయేదాన్ని. గేటు దగ్గర ఫోను, తాళాలు ఇచ్చేసి, వార్డరు వెంట ఒక రేకుల షెడ్డులోకి నడిచేదాన్ని. ఆ షెడ్డులో సగం ఖైదీలు దుప్పట్లు నేసే మగ్గాలు, సగం ఖాళీ. ఆ ఖాళీలో బల్లలు వేసి ఆట. మగ్గాల సంగతి ఇంట్లో చెప్పానో లేదో, నాయన “నేనూ వస్తా” అన్నాడు. ధర్మవరంలో జన్మంతా పట్టుచీరలు నేసిన మనిషి. చూపు నడిమధ్యలో మసకబారి కొంతకాలంగా మగ్గం ఎక్కడం లేదు. ఎదుట మనిషి ఉన్నాడని తెలుస్తుంది, మొహం తెలియదు. పాపం, మగ్గం చప్పుడు వినాలని ఉందేమో అనుకుని పెద్దసారును అడిగి అనుమతి తెచ్చాను.

మొదటి రోజు మగ్గం అంచును ఒకసారి తడిమి, వచ్చి నా వెనక కుర్చీలో కూర్చున్నాడు. నేను వరసగా బల్లల దగ్గర తిరుగుతూ ఒకేసారి అందరితో ఆడుతున్నాను. ఒకడు బంటును ఒక్క గడి మాత్రమే జరిపాడు. నా వయసు వాడే, నెరిసిన మీసం, అరచేతుల నిండా కాయలు.

“మొదటి ఎత్తుకు రెండు గడులు పోవచ్చప్పా,” అన్నాను.

“మా కాడ ఒగటే అక్కా. బంటు బంటు మాదిరే నడసల్ల,” అన్నాడు వాడు.

నా వెనక కుర్చీ కిర్రుమంది. “ఎవురప్పా ఆ మాటన్నింది?” నాయన లేచి నిలబడ్డాడు. “యా ఊరు మీది?”

“గోరంట్ల పక్కన పల్లె నాయనా. మా తాత నేర్పిచ్చినాడు.”

“రాజుకు గుర్రం దూకుడు ఉండాదా మీ కాడ?”

“ఒగేసారి. అదీ అప్పటిదాకా రాజుకు చెక్కు పడకుండా ఉంటేనే.”

నాయన నవ్వాడు. చూపు పోయినప్పటి నుంచి నేను ఆ నవ్వు చూడలేదు. నన్ను దాటుకుని, బల్ల అంచు పట్టుకుని, వాడి ఎదురుగా పోయి కూర్చున్నాడు. వాడు నాయనా అని పిలవడం నా చెవికి ముల్లులా తగిలింది. మా వైపు పెద్దవాళ్లను ఎవరైనా నాయనా అనే పిలుస్తారు, నాకు తెలియదా? తెలిసినా తగిలింది.

మరుసటి శనివారం నాయన చంకలో ఒక సంచి కనిపించింది. పట్టు ముక్కలు కుట్టిన పాత సంచి. చూడగానే గుర్తుపట్టాను. మా ఇంట్లో అది ఎక్కడుందో కూడా నాకు తెలియదు, ఏ ట్రంకు పెట్టె అడుగు నుంచి ఎప్పుడు తీశాడో! గేటు దగ్గర వార్డరు దాన్ని బల్ల మీద గుమ్మరించి ఒక్కో పావునూ తిప్పి చూశాడు. చెక్క పావులు, సగం ఎరుపు, సగం నలుపు. పట్టుకుని పట్టుకుని రంగు పోయి చింతగింజల్లా నున్నబడ్డాయి. వాటితో పాటు గడులు కుట్టిన గుడ్డ ఒకటి. నన్ను ఆడొద్దని మూట కట్టేసిన పావులు. వాటిని మా నాయన జైలుకు మోసుకొచ్చాడు, అదీ నా స్కూటరు మీదే.

అప్పటి నుంచి మాకు శనివారం అంటే వాళ్లిద్దరి రోజు అయిపోయింది. నేను మిగతా ఖైదీలకు పాఠం చెబుతుంటే మూల బల్ల దగ్గర వాళ్లిద్దరూ. బడి ఆటకు అలవాటుపడిన నాకు పావులు పేర్చడమే తప్పుగా కనిపించేది. రాజుకు ఎదురుగా రాజును కాక మంత్రిని నిలబెట్టేవాళ్లు. నాయనకు గుడ్డ సరిగా ఆనదు గదా, వాడు ప్రతి ఎత్తునూ నోటితో చెప్పేవాడు. “నాయనా, నా శకటు నీ ఏనుగు దారికి అడ్డం వచ్చినాది.” “నాయనా, గుర్రం పాయ, చూసుకో.” నాయన తల వంచి వినేవాడు. వాడి గొంతు వింటూ ఆ మొహంలో కనిపించే శ్రద్ధ నేను మందుల చీటీ చదివి వినిపించినప్పుడు ఎన్నడూ చూడలేదు.

ఒకసారి వాడు రాజును గుర్రంలా దూకించి తప్పించుకున్నాడు. నాయన తొడ మీద చరిచి, “బాగా ఆడినావురా!” అన్నాడు. ఇందాక చెప్పిన మాట అదే. నేను అప్పుడు వేరే ఖైదీకి మంత్రి నడక చెబుతూ మధ్యలో ఆపేశాను. ఆ ఖైదీ “ఏమైనాది మేడం?” అని అడిగాడు. ఏం చెప్పను?

వాడి తప్పులు వెతకడం మొదలుపెట్టాను. వార్డరును కదిలిస్తే వాడి కథ చెప్పాడు. కరువు ముదిరిన ఎండాకాలంలో బోరు దగ్గర నీళ్ల కోసం గలాటా అయి, దాయాదిని పారతో కొట్టాడట. ఆ మనిషి అక్కడే పోయాడట. దారిలో నాయనతో అన్నాను, “వాడు చేసింది నీకు తెలుసా?”

“తెలుసు. వాడే చెప్పినాడు,” అన్నాడు నాయన వెనక సీటు నుంచి.

“అయినా నీకు ఏమీ అనిపించలేదా?”

“అనిపిచ్చింది.” చంకలో సంచి సర్దుకుని, “వచ్చేవారం వాడు మంత్రిని ముందే బయటికి తెస్తాడు. నేను ఏనుగు మూలలోనే పెట్టుకుంటా” అన్నాడు. కొండ మీద గాలిమరలు తిరుగుతున్నాయి. నాకు బండి ఆపి ఆయనను అక్కడే దింపేయాలనిపించింది.

వాళ్ల ఆటలో నాకు ఇంకొకటి కూడా కనిపించింది. గెలిచే దశకు వచ్చాక నాయన ఎదుటివాడి ఆఖరి బంటును చంపకుండా దాని చుట్టూ తిరిగేవాడు. ఊరికే దొరికే బంటు. చూపు ఆనక కనిపెట్టలేదని జాలిపడి, ఒకరోజు పక్కకు వంగి, “నాయనా, ఆ మూల బంటు ఉత్తదే, కొట్టేయొచ్చు” అన్నాను. “తెలుసులే,” అన్నాడు చిరాగ్గా. ఖైదీ తల వంచుకుని మీసం కింద నవ్వుకున్నాడు. ఆ నవ్వు నేను ఇంటికి తెచ్చుకున్నాను. వంట చేస్తుంటే అదే, నిద్రపోబోతే అదే.

ఆ కోపంలోనే ఒక శనివారం నాయన కుర్చీలో నేను కూర్చున్నాను. “ఈ పొద్దు నాతో ఆడప్పా,” అన్నాను. “మీ ఆటే. బంటు ఒక్క గడి, రాజుకు ఒక దూకుడు. అంతే గదా?”

వాడు నాయన వైపు చూశాడు. అనుమతి అడుగుతున్నాడు! నా నాయన కూర్చునే కుర్చీలో నేను కూర్చోవడానికి! నాయన పక్క బల్ల మీద కూర్చుని, “ఆడప్పా. అది బాగా ఆడతాదంట” అన్నాడు. అంట!

ఆడాను. వాడు మంచి ఆటగాడే, కాదనను. కానీ నేను టోర్నమెంట్లలో కూర్చుని కూర్చుని నడుం అరగ్గొట్టుకున్నదాన్ని. సగం ఆట అయ్యేసరికి వాడి మంత్రి నా చేతికి చిక్కింది. అక్కడితో రాజును కట్టేసి లేవొచ్చు. నాకు అది చాలలేదు. వాడి శకటు తీసుకున్నాను, గుర్రం తీసుకున్నాను, రెండు ఏనుగులూ తీసుకున్నాను. బంట్లను ఒక్కొక్కదాన్నే ఏరుకుంటూ వచ్చాను. వాడు ప్రతి పోయిన పావునూ గట్టిగా నాయనకు చెప్పేవాడు. “ఏనుగు పాయ నాయనా.” “ఇంగొక బంటు పాయ.” నాకు హాయిగా ఉంది. పచ్చిగా చెప్పాలంటే, కడుపులో మంట మీద మజ్జిగ పోసినట్టుంది. చివరికి గుడ్డ మీద నావి అన్నీ ఉన్నాయి, వాడిది రాజు, మూలన ఒక బంటు. వాడు నా మొహంలోకి చూసి నెమ్మదిగా అన్నాడు, “అక్కా, దాన్ని ఇడిసిపెట్టు.”

బతిమాలుతున్నాడు అనుకున్నాను. టక్కున కొట్టేశాను.

వాడు గుడ్డ మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “అయిపాయ అక్కా. సమానం.”

“సమానం ఏంది? నీకు ఏముంది మిగిలింది? నాలుగు ఎత్తుల్లో కట్టేస్తా!”

“మన ఆటలో ఎదుటోని కాడ ఉత్త రాజు మిగిలితే గెలుపు లేదక్కా. ఎంత గెలిసినా ఒగ పావన్నా ఇడిసిపెట్టి కట్టల్ల. అంతా దోసుకుంటే అది ఆట కాదు.”

నాయన వైపు తిరిగాను. ఆయన తల ఊపాడు. “అవును పాపా. సమానమే.”

షెడ్డులో మిగతా ఖైదీలు కూడా ఆట ఆపి చూస్తున్నారు. ఇదొక నియమమా, ముందే చెప్పాలి గదా అని ఏదో అంటున్నాను. అప్పుడు వాడు నన్ను ఓదార్చబోయాడు. ఓదార్పు అనుకునే అన్నాడు పాపం.

“బాధపడొద్దక్కా. చిన్నప్పుడు కూడా నువ్వు ఇట్లే చేసినావంట గదా. మొదటి కప్పు తెచ్చిన పొద్దు నాయన కాడ ఉత్త రాజును మిగిలిచ్చి, రెండు ఏనుగులతో తరిమి తరిమి కట్టినావంట. నాయన సమానమని చెప్పకుండా, నువ్వే గెలిసినావన్నాడంట.”

పావులు సంచిలో వేసి, నాయన చెయ్యి పట్టుకుని, గేటు దగ్గర ఫోను తీసుకుని, బండి దగ్గరికి వచ్చేశాను. ఆటలో గెలుపు పోయిందని కాదు. నా చిన్నతనంలో నాకు జరిగిన సంగతి, నాకు తెలియని సంగతి, ఆ మీసాల వాడి దగ్గర ఉంది. మా నాయన తన ఆటే కాదు, నన్ను కూడా మూటగట్టి వాడికి ఇచ్చేశాడు.

చీనీ తోటల దగ్గర బండి ఆపాను. ట్యాంకరు నీళ్లు పాదులకు పడుతున్నాయి. దిగి ఆయన ఎదురుగా నిలబడ్డాను. మొహం కనిపించదు గదా, కోపం గొంతులోనే చూపించాలి.

“ఆ పొద్దు సమానమని ఎందుకు చెప్పలేదు?”

“కప్పు తెచ్చుకున్నావు. నగుతాంటివి. ఎట్ల చెప్పేది?”

“తర్వాతైనా చెప్పొచ్చు గదా. ఆడొద్దని ఎందుకన్నావు?”

“మీ బడి సారు ముందే వచ్చి చెప్పినాడు. ఇంట్లో నాటు ఆట ఆడితే పాప పోటీల్లో తప్పు ఎత్తులేస్తాది, నలుగురూ నగుతారు అని. నాకు ఈ ఆట తప్ప యాదీ రాదు. నీకు అడ్డమెందుకని మూట కట్టినా.”

అయినా అసలు అడగాల్సింది అది కాదు. “మరి వాడికి ఎందుకు చెప్పినావు? నాకు చెప్పకుండా?”

“వాడు అడిగినాడు. మీ పాప మీతో ఆడదా అని.” నాయన చేయి సీటు అంచును తడుముతోంది. “నువ్వెప్పుడు అడిగినావు?”

బండి తీశాను. ఊరి చౌరస్తాలో సిగ్నలు దగ్గర ఆగినప్పుడు, వెనక్కి తిరగకుండానే, “వచ్చేవారం నాతో ఆడతావా?” అన్నాను. హారన్ల మోతలో ఆయనకు వినిపించిందో లేదో అనుకున్నాను. “ఇంట్లో కాదు, ఆడనే,” అన్నాడు నాయన. “వాడు లేకపోతే నాకు గుడ్డ ఎవురు చెప్తారు?”

నేను చెప్పలేనా? నా ఎత్తులు నేనే చెప్పుకోలేనా? నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన ఆడతానన్నాడు, అది చాలు అనుకున్నాను. చాలలేదు, అది వేరే సంగతి.

మరుసటి శనివారం మూల బల్ల దగ్గర నాయన, ఎదురుగా నేను, మధ్యలో ఒక ముక్కాలి పీట మీద వాడు. చిన్ననాటి తర్వాత మా నాయన ఎదురుగా కూర్చోవడం అదే మొదలు. అయినా నా ఎత్తు ఆయనకు చేరాలంటే వాడి నోటి మీదుగానే పోవాలి. నేను గుర్రం కదిపితే, “నాయనా, అక్క గుర్రం నడిమికి వచ్చినాది” అంటాడు వాడు. నాయన చెవి వాడి వైపే ఒగ్గి ఉంటుంది. నేను ఎంత మంచి ఎత్తు వేసినా నాయన మొహంలో మెరుపు వాడి గొంతుకే వచ్చేది. ఒకసారి నేనే ముందుగా, “శకటు కదిపినా నాయనా,” అన్నాను. “యా గడికి?” అన్నాడు నాయన. నేను చెప్పింది ఆయనకు అందలేదు. వాళ్ల గుడ్డకు వాళ్ల లెక్కలున్నాయి, నాకు రావు. మళ్లీ వాడే చెప్పాడు.

నాయన గట్టిగా ఆడాడు. రాజును సమయం చూసి దూకించాడు. రెండుసార్లు నాకు చెమటలు పట్టించాడు. కానీ చూపుతో ఆడేదానికీ వినికిడితో ఆడేదానికీ తేడా ఉంటుంది. చివరికి ఆయన దగ్గర రాజు, ఒక బంటు. నా దగ్గర మంత్రి, ఒక ఏనుగు, ఒక గుర్రం. బంటు నా మంత్రికి అడ్డంగా, ఉత్తదిగా నిలబడి ఉంది. చేయి దాని మీదికే పోయింది. జన్మంతా అలాగే ఆడాను, చేతికి వేరే తెలియదు. వాడు నా చేతిని చూస్తున్నాడు. నోరు మెదపలేదు.

చేయి వెనక్కి తీసుకున్నాను. నా గుర్రాన్ని తెచ్చి ఆ బంటు ముందు అడ్డం నిలబెట్టాను, అది కదలకుండా, చావకుండా. ఆ తర్వాత మంత్రితో, ఏనుగుతో రాజును అంచుకు తోసుకుంటూ పోయాను.

“నాయనా,” అన్నాడు వాడు. “మంత్రి రాజు పక్కనే కూసునింది. ఎనక ఏనుగుండాది. ఇంగ దారి లేదు. ఆట కట్టు.”

నాయన మొహం వాడి వైపు తిప్పి, “నువ్వు చెప్పిచ్చినావా దానికి?” అన్నాడు.

గెలిచిన ఆట కూడా వాడి ఖాతాలోకే!

“లేదు నాయనా. అక్క ఎదురుగా కూసోని సూస్తాంటే నాకు నోరెత్తే ధైర్యం యాడుండాది?” అన్నాడు వాడు. “అక్కే ఆడింది.”

నాయన చేయి చాచి గుడ్డను తడిమాడు. తన రాజును తాకాడు. పక్కన నా మంత్రిని, వెనక ఏనుగును. వేళ్లు అక్కడ ఆగకుండా గుడ్డ అంతా వెతుక్కుంటూ పోయి, నా గుర్రం దాటి, ఆ బంటు దగ్గర ఆగాయి. పోగు బిగువు చూసినట్టు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు. పైకెత్తలేదు. చాలాసేపు అలాగే పట్టుకుని ఉన్నాడు.

“ఇది ఇంగా ఉండాదే,” అన్నాడు.

“ఉండాది నాయనా,” అన్నాను. మధ్యలో వాడు లేకుండా.

బాగా ఆడినావు అంటాడేమో అని చూశాను. అనలేదు. ముక్కు చీదుకుని, పంచె సర్దుకుని, కుర్చీని బల్ల దగ్గరికి ఇంకాస్త లాక్కున్నాడు.

“ఇంగొగ ఆట ఏద్దాం. పేర్చు.”

వాడి చేయి అలవాటు కొద్దీ పావుల మీదికి వచ్చింది. ఎప్పుడూ పేర్చేది వాడే గదా. దాన్ని పక్కకు తోశాను.

“నువ్వు చెయ్యి తియ్యప్పా,” అన్నాను. “మా నాయనకు నేను పేరుస్తా.”